ఆ గొంతు మా ఇంటిదే

"ఆ గొంతు మణికంఠదని నీకు తెలుసునా, తెల్దా? ఒగటే మాట సెప్పు వసుధా."

రుక్మిణమ్మ పొయ్యి దగ్గర నిలబడి అడిగింది. సంగటి గిన్నె ఇంకా దించలేదు. అడుగంటిన వాసన వంటింటి నిండా కమ్ముకుంది.

వసుధ గడపలోనే ఆగిపోయింది.

"తెలుసత్తా."

"ఎప్పట్నించి?"

"రికార్డు చేసిన దినం నుంచీ. చేసింది నేనే కదా."

రుక్మిణమ్మ కొంగుతో గిన్నె పట్టి దించింది. వేళ్ళు కాలాయి. ఆ సంగతి ఆమెకు తెలిసినట్టు కూడా లేదు.

పొద్దున వసుధ భర్త మునికుమార్ విసిరేసిన కంచం నడవలో అలాగే పడి ఉంది. పుంగనూరులో టీ అంగడి దగ్గర ఎవరో అతన్ని పిలిచి, "రేడియోలో మాట్లాడింది మీ తమ్ముడంట కదప్పా, ఇంక చెల్లెలనాల్నా?" అని నవ్వారట. ఇంటికి వచ్చి తల్లి ముందు ఆ ఒక్క మాటే చెప్పాడు. కంచం విసిరికొట్టి బండెక్కి వెళ్ళిపోయాడు. భార్య వైపు చూడను కూడా చూడలేదు. వసుధ ఎన్నిసార్లు చేసినా ఫోను మోగుతోందే తప్ప ఎత్తడం లేదు.

"నాకు సెప్పలేదే," అంది రుక్మిణమ్మ.

"ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు..." వసుధ ఒక్క క్షణం ఆగింది. "వేయించుకుంది అత్తా."

ఆ దిద్దుబాటు విని రుక్మిణమ్మ తల తిప్పి చూసింది. ఆ చూపులో కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది.

"నా బిడ్డ గురించి నేను మైకులో అంతంత మాటలంటా ఉంటే, అద్దానికి ఆపక్క కూసోని ఇంటా ఉంటివి. ఒగ సైగ సేసింటే నోరు మూసుకోనుందును కదా!"

"మూసుకుంటావనే చెయ్యలేదు."

"ఏమంటివి?"

"నువ్వు అనుకునింది నువ్వు చెప్పినావు. నీ బిడ్డని తెలిసింటే ఆ మాట అనవు. ఊరోళ్ళ బిడ్డయితే అనచ్చా అత్తా?"

రుక్మిణమ్మ గోడకు జారగిలబడి కింద కూర్చుంది. బయట పాకలో ఆవు అరిచింది. ఆ రోజు పాలు పోయించుకోవడానికి ఎవరూ రాలేదు. ఎందుకు రాలేదని అడగడానికి ఇద్దరికీ ధైర్యం చాల్లేదు.

సదుం పోయే దారిలో, పాడుబడిన పట్టుపురుగుల షెడ్డులో నడిచే చెలిమ రేడియోను చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆడోళ్ళ రేడియో అంటాయి. దాన్ని నిలబెట్టిన ఆడవాళ్ళలో రుక్మిణమ్మ ముందుమనిషి. వారం వారం 'రుక్మిణమ్మ మాట' అని తనకు తోచింది మాట్లాడుతుంది. కోడలు వసుధ అక్కడే కార్యక్రమాలు రికార్డు చేసి, కత్తిరించి, గాలిలోకి పంపుతుంది. 'పేరు చెప్పని మాట' అనే కార్యక్రమం ఆమెదే. అందులో ఎవరైనా పేరు చెప్పకుండా తమ బతుకు గురించి చెప్పుకోవచ్చు.

పోయిన వారం అందులో ఒక గొంతు మాట్లాడింది. 'నన్ను మగపిల్లోడని పెంచినారు. నేను ఆడదాన్ని. చిన్నప్పట్నుంచీ నాకు తెలుసు, ఇంకెవరికీ తెలీదు' అంది. ఏడవాల్సిన చోట చిన్నగా నవ్వింది.

మరునాడు రుక్మిణమ్మ తన కార్యక్రమంలో దానికి బదులు చెప్పింది. 'మగబిడ్డగా పుట్టి, ఇంట్లో మొదటి ముద్ద తిని పెరిగినోడు వచ్చి నేనూ ఆడదాన్నేనంటే నేను ఒప్పను. ఈ మైకు మేము కొట్లాడి తెచ్చుకునింది' అంది.

అది ప్రసారం కాకముందే రేడియోలో పెద్ద గొడవయింది. సగం మంది ఆ మాటలు కత్తిరించమన్నారు. మదనపల్లె నుంచి వచ్చి ఉర్దూ కార్యక్రమం చేసే సాజిదా మాత్రం ఒప్పుకోలేదు. ఇల్లు విడిచి వచ్చిన ఆ పేరు చెప్పని మనిషికి తన ఇంట్లోనే చోటిచ్చిన సాజిదా! "ఈ పొద్దు రుక్మిణమ్మత్త గొంతు మనం కోస్తే, రేపు నా గొంతు ఇంకెవురో కోస్తారు. ఆమెను చెప్పనీ. మళ్ళా మనమూ చెప్పుదాం," అంది. ఆ మాట విని వసుధ ఒక్క ముక్క కూడా తీయకుండా పంపింది.

ఇప్పుడు ఆ ముక్కే ఊరూరా ఫోన్లలో తిరుగుతోంది. 'రేడియో రుక్మిణమ్మే చెప్పింది, ఇంకా ఎందుకు ఊరుకోవాలి?' అని కింద రాసి మరీ పంపుకుంటున్నారు. పంపేవాళ్ళు ఎవరో రుక్మిణమ్మకు తెలుసు. బెల్టు షాపుల మీద ఆమె మాట్లాడినప్పుడు రేడియో షెడ్డు రేకుల మీద రాళ్ళు వేసినవాళ్ళే.

"ఊరంతా పట్టింది ఆ గొంతు," అంది రుక్మిణమ్మ నేల చూస్తూ. "కార్యక్రమం మొత్తం ఇంటిని. కన్నదాన్ని. నేను పట్టలేకపోతి."

వసుధకు ఆ రికార్డింగు రోజు గుర్తొచ్చింది. గొంతు మార్చి వేస్తానంటే ప్రీతి వద్దంది. ప్రీతి అనేది మణికంఠ తనకు తాను పెట్టుకున్న పేరు. 'ఇంట్లో ఇన్నేండ్లూ మార్చిన గొంతుతోనే మాట్లాడితి వదినా. ఈ ఒక్కసారన్నా నా గొంతుతో మాట్లాడనీ' అంది.

"బయట నలుగురిలో ఎప్పుడన్నా వచ్చేదేమో గానీ, ఇంట్లో ఆ గొంతుతో ఎప్పుడూ మాట్లాడలేదత్తా," అంది వసుధ. "నువ్వెట్ల పడతావు?"

ఓదార్పుగా అనబోయిన మాట ఇంకోలా తగిలింది. రుక్మిణమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది.

గేటు దగ్గర బండ్లు ఆగిన చప్పుడైంది.

లోపలికి వచ్చింది శ్రీనివాసులు ఒక్కడే. రుక్మిణమ్మ చనిపోయిన భర్తకు పెదనాన్న కొడుకు. మదనపల్లెలో టమాటా మండీ ఉంది. ఈ వంశంలో ఏ పంచాయితీ అయినా ఆయన కుర్చీ వేసుకుని కూర్చుంటేనే తెగుతుంది. వెంట వచ్చినవాళ్ళు గేటు బయటే బండ్ల మీద కూర్చున్నారు. ఇంజన్లు ఆపలేదు.

"నీళ్ళియ్యి పాపా," అన్నాడు వసుధతో. తాగి, చెంబు జాగ్రత్తగా పక్కన పెట్టాడు. "పోయిన వారం నువ్వు మాట్లాడింది బలే ఉండాది రుక్మిణమ్మా. నేనే శానామందికి పంపినా."

"బెల్టు షాపుల మీద మాట్లాడినప్పుడు పంపలేదే బావా."

శ్రీనివాసులు నవ్వాడు. "అది వేరే, ఇది వేరే. ఇది మన ఇంటి పరువు. సాయంత్రం నీ మాట ఉండాది కదా? ఆ గొంతు మా వోనిది కాదు, ఎవురో కావాలని యాక్టింగు సేసినారు, రేడియోలో సదువుకున్నోళ్ళు కొందరు దాన్ని ఏసి మా ఇంటిని బజార్న పెట్టినారు అని సెప్పు. అంతే. అందరూ మర్సిపోతారు."

'సదువుకున్నోళ్ళు' అన్నప్పుడు ఆయన వసుధ వైపు చూశాడు. గొంతులో కోపం లేదు. ఆ మెత్తదనానికే వసుధ ఒక అడుగు వెనక్కి వేసింది.

"సెప్పకపోతే?" అంది రుక్మిణమ్మ.

"నేనేం సేస్తానమ్మా, పెద్దోణ్ణి. పిల్లోళ్ళు ఉడుకు మీద ఉండారు. వాడు మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె పక్క ఎవురింట్లోనో ఉండాడని వాళ్ళకు తెలిసిపోయింది. నా మాట ఇంటారో, ఇనరో."

సాజిదా ఇల్లు అక్కడే.

"వాడు నీకు తమ్ముని కొడుకు బావా," అంది రుక్మిణమ్మ.

"అందుకే కదమ్మా నేనే వస్తిని. ఇంకొకరైతే వస్తారా?" శ్రీనివాసులు లేచాడు. "రేడియో కాడ కలుస్తా. దగ్గరుండి ఇంటాను."

బండ్లు కదిలాయి. ఒకటి మాత్రం వీధి మలుపు దాకా పోయి ఆగింది. వసుధ కిటికీలోంచి చూస్తూనే ఉంది. అది అక్కడి నుంచి కదల్లేదు.

సాజిదాకు ఫోను చేయబోతుంటే సాజిదానే చేసింది.

"వసుధక్కా, వచ్చినారు," అంది గుసగుసగా. "ముగ్గురో నలుగురో. వీధిలో ఇల్లిల్లూ అడిగినారు. ప్రీతి ఇంట్లో లేదు, ముందే పంపించేసినా."

"యాడికి?"

"కుప్పం బస్సెక్కించినా. ఆడ రైలెక్కితే బెంగుళూరులో దాని స్నేహితులుండారు."

"కుప్పమా? ఆ బస్సు పుంగనూరు మీదనే కదా పోవాల!"

"ఇంకే దారి ఉండాది చెప్పక్కా? మదనపల్లె బస్టాండులో బెంగుళూరు బస్సుల కాడ వాళ్ళే నిలబడుండారు. మొహానికి చున్నీ చుట్టుకోమన్నా, ఫోను ఆపేయమన్నా." సాజిదా గొంతు ఇంకా తగ్గించింది. "ఇంకొకటక్కా. మీ ఆయన కూడా వచ్చినాడు. నేను నోరు తెరవలా. మా అమ్మే కుప్పమని చెప్పేసింది. అన్న కదా, పాపం అనుకునింది."

"ఆయన ఒక్కడే వచ్చినాడా?"

"ఒక్కడే. కండ్లు ఎర్రగా ఉండె. తాగినాడో, ఏడ్చినాడో నాకు తెల్లేదు."

వసుధ ఫోను దించేసరికి రుక్మిణమ్మ ఎదురుగా నిలబడి ఉంది. ఈసారి వసుధ ఏదీ దాచలేదు. సాజిదా చెప్పిందంతా వరసగా చెప్పేసింది. మునికుమార్ సంగతితో సహా.

రుక్మిణమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"పొద్దున నేను పుంగనూరు బస్టాండులోనే ఉంటిని, దాణా కొననుపోయి," అంది. "ఎన్ని బస్సులు పోయినాయో నా ముందర."

"అత్తా, ఆయన మణికంఠను... ప్రీతిని ఏమన్నా చేస్తాడా?"

భర్త గురించి అలాంటి ప్రశ్న అడగాల్సి వస్తుందని వసుధ ఎన్నడూ అనుకోలేదు. రుక్మిణమ్మ కూడా, కొడుకు గురించి అలాంటి ప్రశ్నకు జవాబు తెలియని రోజు వస్తుందని అనుకుని ఉండదు.

"చిన్నప్పుడు వాణ్ణి ఎత్తుకోని తిప్పింది మునికుమారే," అంది. తెలుసనీ తెలియదనీ అనలేదు. చెప్పులు తొడుక్కుంది.

ఇద్దరూ రేడియో దాకా నడిచారు. మలుపులో ఆగిన బండి వాళ్ళ వెనకే నెమ్మదిగా వచ్చింది. ముందుకు పోదు, ఆగదు. పలకరించే ఆడవాళ్ళు కూడా ఆరోజు గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారే గానీ ఎవరూ పిలవలేదు.

"ఏం చెప్తావత్తా?"

"మైకు ముందర కూసుంటే తెలుస్తాది."

"ఆయన చెప్పమన్నట్టు చెప్తావా?"

"సెప్తే నా బిడ్డను ఇడిసిపెడతారా? అది సెప్పు ముందు."

వసుధకు తెలియదు. అబద్ధమాడితే ప్రీతి బతికి బయటపడుతుందంటే ఆ అబద్ధం వద్దనగలదా? నిజం చెబితే వెంటపడుతున్నవాళ్ళు రెచ్చిపోతే? దారి పొడవునా ఆలోచించింది. షెడ్డు వచ్చేసింది.

శ్రీనివాసులు వసారాలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పక్కన చిన్న రేడియో పెట్టుకున్నాడు. ముంగిట్లో బండ్లు ఇంటి దగ్గరికి వచ్చినవాటికంటే ఎక్కువయ్యాయి.

రుక్మిణమ్మ లోపలి గదిలోకి పోయి మైకు ముందు కూర్చుంది. వసుధ అద్దానికి ఇవతల తన చోట్లో కూర్చుంది. అత్త గొంతు గాలిలోకి పోవాలన్నా, ఆగాలన్నా వసుధ వేలి కింద ఉన్న ఒక్క మీటతోనే. ఎప్పుడూ ఆ సంగతి తలుచుకోలేదు. ఈరోజు వేలు ఆ మీట మీద పెట్టాలంటేనే భయమేసింది.

ఈసారి ముందే రికార్డు చేయలేదు, నేరుగా ప్రసారం. ఎర్రలైటు వెలిగింది.

"చెలిమ రేడియో ఇంటా ఉండే అమ్మలకు, అప్పలకు రుక్మిణమ్మ నమస్కారం." ఎప్పటి గొంతే. కొంచెం బొంగురుపోయింది. "పోయిన వారం నేనొక మాట సెప్పినా. అది నా మాటే. ఎవురూ సెప్పిచ్చింది కాదు. దాంట్లో సగం నాకు ఇంకా అట్లే అనిపిస్తాండాది, అబద్ధం సెప్పను. ఆడదంటే ఎవురు, ఏంది అనేది నాకు తేలలేదు. అడుగుతాను. అడిగే హక్కు నాకుండాది. ఒప్పుకోనోళ్ళు నన్ను తిట్టచ్చు. ఆ హక్కు వాళ్ళకూ ఉండాది."

వసారాలో శ్రీనివాసులు తృప్తిగా తలూపడం కిటికీలోంచి కనిపించింది.

"అయితే నా మాటలో ఒగ తునక కోసుకోని, కట్టె మాదిరి చేతబట్టుకోని, ఒగ బిడ్డ ఎనకాల పరిగెత్తమని నేను ఎవురికీ సెప్పలేదు. అట్ల పరిగెత్తేవాళ్ళు నా పేరెత్తద్దు. ఆ గొంతు ఎవురిదని అడుగుతాండారు..."

ఆ మాట చెప్పే హక్కు ప్రీతిది. అమ్మదైనా సరే, ఇంకొకరిది కాదు. వేలు మీట మీదికి పోయింది. ఒక్కసారి కిందికి లాగితే చాలు. ఊరంతా తెలిసిన సంగతే కదా అని ఒక మనసు, ఒట్టు వేశావు కదా అని ఇంకో మనసు. అద్దం అవతల రుక్మిణమ్మ కళ్ళెత్తి కోడలినే చూసింది. వద్దంటావా అని అడుగుతున్నట్టు ఒక్క క్షణం ఆగింది.

వసుధ మీట లాగలేదు.

"ఆ గొంతు మా ఇంటిదే," అంది రుక్మిణమ్మ. "నా కడుపున పుట్టిన బిడ్డదే. నేను పట్టలేకపోతి, అది నా తప్పు. దానికేమన్నా అయితే మాత్రం తప్పు మీది."

బయట కుర్చీ కిర్రుమంది. శ్రీనివాసులు లేచి నిలబడ్డాడు.

ఫోను లైన్లు ఒక్కసారిగా వెలిగాయి. వసుధ మొదటిది ఎత్తింది. బూతులు. పెట్టేసింది. రెండోది ఎవరో ఆడమనిషి, ఏడుపు తప్ప మాట రావడం లేదు. మూడోది ఎత్తేముందు నంబరు చూసి వసుధ చెయ్యి ఆగిపోయింది. మునికుమార్.

"యాడుండావు?" అంది.

"కుప్పం స్టేషన్లో." ఆయాసపడుతున్నాడు. వెనక రైళ్ళ గురించి ఏదో చెబుతున్న మైకు మోత. "అమ్మను లైన్లోకి తీసుకో."

"పక్కన ఎవరుండారు? దాన్నేం చేసినావు?"

"లైన్లోకి తీసుకో వసుధా. అందరూ ఇనాల."

అతని గొంతులో ఉన్నది ఏమిటో ఇన్నేళ్ళు కాపురం చేసిన వసుధకు తెలియలేదు. గాలిలోకి వదిలితే ఏం వినాల్సి వస్తుందో? అద్దం అవతల రుక్మిణమ్మ కోడలి ముఖం చూసే కనిపెట్టింది. చెయ్యి చాపి, రానీ అని సైగ చేసింది.

వసుధ మీట పైకి తోసింది.

ముందు స్టేషను హోరు వినిపించింది. తరువాత ఒక గొంతు. మునికుమార్‌ది కాదు.

"అమ్మా... నేను."

రుక్మిణమ్మ రెండు చేతులతో మైకు పట్టుకుంది.

"నీ పేరేందమ్మా?" అంది. "ఇంకొకరు సెప్తే ఇంటిని. నువ్వే సెప్పు."

అవతల నుంచి, ఏడవాల్సిన చోట ఒక చిన్న నవ్వు.

"ప్రీతి. అన్న నా పక్కనే ఉండాడమ్మా. నన్నేమీ అనలేదు. కానీ అన్న బండెనకాలే కారొకటి వచ్చింది. వాళ్ళు ఈ పక్కకే... అన్నా, వద్దు, నువ్వు పోవద్దు..."

లైను తెగిపోయింది.

వసుధ మళ్ళీ మళ్ళీ నంబరు నొక్కింది. స్విచ్చాఫ్. పోలీసు స్టేషనుకు చేసింది. ఎవరు, ఏమిటి, ఏ ఊరని అడుగుతున్నారు. ఒక చెవిలో వాళ్ళకు జవాబు చెబుతూనే అద్దంలోంచి అత్తను చూసింది.

చెలిమ రేడియో పలమనేరు దాకా కూడా సరిగ్గా వినపడదు. కుప్పం ఇంకెక్కడ? రుక్మిణమ్మకు ఆ సంగతి వసుధ కంటే బాగా తెలుసు. అయినా మైకు వదల్లేదు.

"అమ్మా, ఇంటాండారు కదా. కుప్పంలో, శాంతిపురంలో మీ అక్కలుండారు, కూతుర్లుండారు, సుట్టాలుండారు. నా మాట ఒప్పినోళ్ళు, ఒప్పనోళ్ళు, అందురూ ఫోన్లు తీయండి. కుప్పం రైల్వే స్టేషను కాడికి పొమ్మనండి. మునికుమారు, ప్రీతి. నా బిడ్డలిద్దురు ఆడ ఉండారు. ఇప్పుడే పొమ్మనండి."

వసుధ కిటికీలోంచి బయటికి చూసింది. రోడ్డుకు అవతల గుమ్మంలో నిలబడిన ఆడమనిషి కొంగులోంచి ఫోను తీసింది. పక్కింటి ముసలామె నొక్కడం తనకు రాక, ఫోను కోడలి చేతికి ఇచ్చి ఎవరి పేరో చెబుతోంది. దారిన పోతున్న ఆటో ఆగింది. అందులోని ఆడవాళ్ళు కూడా ఫోన్లు చెవికి పెట్టుకున్నారు.

వసారాలో శ్రీనివాసులు కూడా ఫోను తీశాడు. షెడ్డుకు వీపు తిప్పి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఆపమంటున్నాడో, కానిమ్మంటున్నాడో వసుధకు వినపడలేదు.